మా మామ స్టెంటు జారిన వైనం

కర్నూల్లో ఇల్లు కట్టుకున్నవాడికి రెండు ఉద్యోగాలుంటాయి. ఒకటి జీతం వచ్చేది. రెండోది, పల్లెల నుంచి ఎక్స్‌రే కవర్లు చంకలో పెట్టుకుని బస్సు దిగే బంధువులను ఆసుపత్రుల చుట్టూ తిప్పేది. నేను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. చెట్లకు ఆకులెందుకుంటాయో తెలిసినవాడికి మనుషుల రోగాలు తెలియకుండా ఎట్లా ఉంటాయని మావాళ్ల నమ్మకం. నాకు తెలియదని ఎంత చెప్పినా, "నీకు తెలీకపోతే తెలిసినోళ్లన్నా నీకు తెలిసుంటారు గదప్పా" అంటారు.

ఈ రెండో ఉద్యోగంలో నన్ను ఎక్కువగా శ్రమపెట్టినవాడు మా మామ. మా అమ్మకు తమ్ముడు, తర్వాత నాకు పిల్లనిచ్చినవాడు. కోడుమూరు దగ్గరి పల్లెలో ఒకప్పుడు సర్పంచి. పదవి పోయి చాలా కాలమైంది గానీ, పోయిన సంగతి ఆయన ముఖం మీద చెప్పే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేకపోయింది. ఇప్పటికీ అరుగు మీద కూర్చుని పంచాయితీలు చెబుతాడు. ఎవరి గుమ్మం ముందూ కాచుకుని నిలబడిన మనిషి కాదు. పార్టీ మారేటప్పుడు కూడా ఆ పార్టీవాళ్లే ఇంటికి వచ్చి కండువా వేసి పోయేవాళ్లు. ఎన్నిసార్లు మారాడన్నది వేరే సంగతి. అడిగితే, "జనం కోరినారు, మారినా" అనేవాడు.

ఆ మనిషికి ఒక ఏడాది కళ్లు పచ్చబడ్డాయి. మూత్రం కుంకుడుకాయ రసంలా వస్తోందని మా అత్త ఫోన్ చేసింది. ఊళ్లో పసరు పోయించుకున్నాడట, తలకేదో నూనె పట్టించుకున్నాడట. అవన్నీ అయ్యాక ఒళ్లంతా దురద మొదలైతే, గీరుకుంటూ పంచాయితీ చెప్పడం కుదరక కర్నూలుకు వచ్చాడు.

స్కాన్ తీశారు. పిత్తాశయాన్ని అంతకు ముందే ఆపరేషన్ చేసి తీసేశారు గానీ, కాలేయం నుంచి పేగులోకి పైత్యరసం పోయే సన్నని గొట్టంలో ఒక రాయి అడ్డం పడిందట. డాక్టరు కుర్రవాడు. నెమ్మదిగా మాట్లాడతాడు. నోట్లోంచి కెమెరా గొట్టం దించి రాయి తీసేశాడు. వాపు తగ్గేవరకు దారి మూసుకుపోకుండా ఆ నాళంలో ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం పెట్టాడు. దాన్ని స్టెంటు అంటారు. మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టి బొమ్మ గీసి చెప్పాడు.

"ఇది కొద్ది రోజులకే. మూడు నెలలకు రండి, తీసేస్తాను. మరిచిపోవద్దు. వదిలేస్తే మూసుకుపోతుంది, లేదంటే జారుతుంది."

ముగ్గురం విన్నాం. నాకు మూడు నెలలన్నది వినపడింది. అత్తకు జారుతుందన్నది వినపడింది. మామకు స్టెంటన్నది ఒక్కటే వినపడింది.

మా వైపు స్టెంటంటే మాటలు కాదు. అది పడిందంటే మనిషి హోదా పెరిగినట్టే. కడపలో మా మామకు వియ్యంకుడున్నాడు, చిన్నకూతురి మామగారు. రోడ్ల కాంట్రాక్టరు. ఆయన గుండెకు స్టెంట్లు వేయించుకున్నప్పటి నుంచి ఏ శుభకార్యానికి వెళ్లినా దాని కథ చెప్పించుకోకుండా ఎవరూ భోజనానికి లేచేవాళ్లు కారు. మా మామ ఇన్నాళ్లూ ఆ కథ నోరు మూసుకుని విన్నాడు. ఆయనకూ ఒక రోజు వచ్చింది. కడపలో మనవడి పుట్టువెంట్రుకలు తీయించిన రోజు, విస్తళ్ల ముందు కూర్చున్నాక గొంతు సవరించుకున్నాడు.

"నాకూ పడింది బావా, స్టెంటు."

వియ్యంకుడు పప్పులో పెట్టబోయిన చేయి ఆపాడు. "ఎన్ని?"

"ఒకటే."

"నాకు రెండు పడినాయి" అన్నాడు వియ్యంకుడు, మిగిలిన ఆధిక్యాన్ని కాపాడుకుంటూ. "ఇంగ జీవితాంతం ఉంటాదిలే. భయపడాకు."

"ఉండక యాడికి పోతాది? అంత కష్టపడి పెట్టినంక ఎవురన్నా తీస్తారా?"

నేను పక్క విస్తరి దగ్గరే ఉన్నాను. "మామా, నీది గుండెకు కాదు. నీది ప్లాస్టిక్‌ది, తీసేసేది" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లందరూ విన్నారు. మామ నా వైపు చూడలేదు. తిరుగు ప్రయాణంలో మైదుకూరు దాటాక అన్నాడు: "వియ్యంకుని ముందర నా స్టెంటును ప్లాస్టిక్ అంటావేమప్పా? నీళ్ల బిందె అనుకున్నావా?"

మూడు నెలలైంది. అత్త గుర్తు చేసింది. శెనక్కాయ పెరికే పని ఉందన్నాడు. అది అయ్యాక జాతర అన్నాడు. జాతర అయ్యాక బోరు వేయించాలన్నాడు. ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి రమ్మంటే, పింఛను కోసం అర్జీ పెట్టుకున్నవాళ్లతో మాట్లాడినట్టు, "చూస్తాం లేమ్మా, వీలు చూసుకుని చెప్తాం" అని పెట్టేశాడు. నేను ఫోన్ చేస్తే, "నొప్పి లేదు, కామెర్లు లేవు, అన్నం బాగా పోతాండాది. మంచిగుండే మనిషిని ఆసుపత్రికి రమ్మంటావేంది?" అని నన్నే నిలదీశాడు. ఊళ్లో మాత్రం కొత్త కండువా వేయడానికి ఎవరైనా వస్తే, రొమ్ము మీద చేయి వేసుకుని, "నాకు స్టెంటు పడినాది, ఎండలో తిరగలేను. కారు పంపించండి" అనేవాడు.

అట్లా ఏడాది దాటింది. అత్త గుర్తు చేయడం మానలేదు. మామ వినడం మాత్రం ఎప్పుడూ మొదలుపెట్టలేదు.

ఎండాకాలంలో బనగానపల్లె నుంచి ఆయన స్నేహితుడొకడు తోట మామిడికాయలు గంపతో పంపాడు. మామ మామిడిపండు తినడం చూసినవాళ్లకు తామింతవరకు అసలు తిననేలేదనిపిస్తుంది. ఆ వారం ఎడమ వైపు పొత్తికడుపులో పొడిచినట్టు నొప్పి మొదలైంది. కొంచెం జ్వరం కూడా. అంతే, నేరం మామిడిపండు మీద పడింది. వేడి చేసిందన్నారు. మజ్జిగ తాగించారు, సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు. నొప్పి తగ్గలేదు. కాయలకు మందు పెట్టి మాగేశారేమోనని ఎవరో అన్న మాట బనగానపల్లెదాకా పోయింది. ఆ స్నేహితుడు మనసు కష్టపెట్టుకుని ఫోన్ చేశాడు. "నా తోట కాయ తిని మంచాన పడినోడు ఈపొద్దు దాకా లేడు. నీవు ఏం తిన్నావో, యాడ తిన్నావో బాగా గ్యాపకం చేసుకో" అని పెట్టేశాడు. వాళ్ల స్నేహం ఆ ఎండాకాలమంతా పులిసిపోయింది.

"అది మామిడికాయ కాదు, కడుపులో ఉండే గొట్టం" అని అత్త అంటూనే ఉంది. గొట్టం పెట్టింది కుడి వైపు పైన, నొప్పి ఎడమ వైపు కింద అని మామ తర్కం. నిజానికి ఆ తర్కంలో తప్పు నాకూ కనిపించలేదు. సాయంత్రం వస్తాను, చూపిద్దాం అన్నాను. ఆయన నేను వచ్చేలోపే అత్తను వెంటబెట్టుకుని మంత్రాలయం బయల్దేరాడు. రాఘవేంద్రస్వామికి మొక్కు బాకీ ఉందని, అది తీరకనే ఈ నొప్పి అని ఎవరో చెప్పారట. మొక్కు ఏమిటో ఆయనకే గుర్తులేదు. అయినా బాకీ ఉంచుకోవడం మంచిది కాదుగదా.

మఠం దగ్గర దర్శనం అయింది. తుంగభద్ర మెట్ల మీద కాళ్లు కడుక్కోవడానికి కూర్చున్న మనిషి మళ్లీ లేవలేకపోయాడు. అత్త నాకు ఫోన్ చేసింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు అరిచి మాట్లాడింది. నేనూ నా భార్యా కారు తీసుకుని పోయాం. మేం చేరేసరికి మామ ఎవరిదో తువ్వాలు తలకింద పెట్టుకుని మెట్టు మీద పడుకుని ఉన్నాడు. ముఖం నల్లబడింది. చుట్టూ చేరిన యాత్రికులకు ఆ స్థితిలో కూడా, "స్టెంటు పేషెంటును" అని చెబుతున్నాడు.

"ఊరికి పోదాం. పడుకుంటే తగ్గుతాది" అన్నాడు నన్ను చూసి.

అత్త కారు తలుపు తీసింది. "కర్నూలుకు పోనీయప్పా."

"నేను చెప్పాల గదా యాడికి పోయేదీ?"

"నీవు చెప్పిందే ఇంతకాలం ఇన్నాం. ఎక్కు."

ఆయన ఎక్కాడు. వాళ్ల పెళ్లయిన నాటి నుంచి ఆయన ఆమె మాట మీద బండెక్కడం అదే మొదటిసారి అని నా భార్య నా చెవిలో చెప్పింది. చెబుతూ ఏడుస్తోంది. అప్పుడు నాకూ భయమేసింది. అద్దంలోంచి చూస్తే మామ అత్త భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకున్నాడు. గోతి వచ్చిన ప్రతిసారీ ఆయన పళ్లు కొరుక్కోవడం వినపడుతోంది. ఆ దారిలో ఒక రోడ్డు మా మామ వియ్యంకుడే వేశాడు.

ఆసుపత్రిలో అదే డాక్టరు. మామను గుర్తుపట్టాడు. కోప్పడలేదు, "స్టెంటు తీయించుకోలేదు కదూ" అని మాత్రం అన్నాడు. ఎక్స్‌రే తీయించాడు, స్కాన్ కూడా చేయించాడు. తర్వాత తెర మీద బొమ్మ పెట్టి మమ్మల్ని పిలిచాడు. మామ చక్రాల కుర్చీలో ఉన్నాడు. స్టెంటు పెట్టిన చోట స్టెంటు లేదు. ఎడమ వైపు, అడుగున, పెద్దపేగు వంపు తిరిగే చోట అగ్గిపుల్లలా ఒక తెల్లటి గీత కనిపించింది.

"నాళంలోంచి జారి పేగులో పడింది" అన్నాడు డాక్టరు. "మామూలుగా అట్లా జారినవి విరేచనంలో వెళ్లిపోతాయి, మనిషికి తెలియను కూడా తెలియదు. ఇది ఈ వంపులో అడ్డం తిరిగి ఇరుక్కుంది. దాని మొన పేగు గోడలో దిగింది. నొప్పీ జ్వరమూ అందుకే."

మామ తెర వైపు చాలాసేపు చూశాడు. "యాడ పెట్టినారు, యాడుండాది! నన్నొక మాట అడక్కుండా అంత దూరం ఎట్ల పోయింది?"

"నీవు ఎవుర్నడిగి పార్టీలు మారినావు?" అంది అత్త.

డాక్టరు ఎక్స్‌రేను కళ్లకు మరీ దగ్గరగా పట్టుకున్నాడు. అందులో అంతసేపు చూడవలసిందేమీ లేదు.

తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పాడు. పేగు ఇంకా పూర్తిగా చిల్లు పడి కడుపులోకి కారలేదు. కెమెరా గొట్టంతో పట్టి లాగి, గాయం పడిన చోట చిన్న క్లిప్పు వేసే ప్రయత్నం చేస్తాడట. కుదరకపోతే కడుపు కోయాలి. సర్జన్‌ను పక్కనే ఉండమంటానన్నాడు.

"మళ్ల నోట్లోంచేనా?" అన్నాడు మామ.

"కాదు పెద్దాయనా. ఈసారి కింద నుంచి వెళ్లాలి."

మామకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"అదొద్దు. కోసేయండి."

"కోస్తే ప్రమాదం ఎక్కువ. మీ వయసుకు..."

"ఏం పర్వాలేదు. కోతయితే మర్యాదగా ఉంటాది. నోట్లోంచి పెట్టినారు గదా, పెట్టిన దావనే తీయాల. అదీ పద్ధతి."

డాక్టరు నా వైపు చూశాడు, నేను అత్త వైపు చూశాను. అత్త కుర్చీ ముందుకు వచ్చి నిలబడింది. "నీ మర్యాద నాకొద్దు, నీవు కావాల. యాడ నుంచి తీస్తే ఏమి? మేమేమన్నా వాకిట్లో నిలబడి చాటింపేస్తామా?" అంది. మామ ఆ తర్వాత వాదించలేదు.

అప్పటికే బయట హాలు నిండిపోయింది. ఊరి నుంచి జనం ఆటోల్లో దిగారు. మామ ఇన్నాళ్లూ రొమ్ము మీద చేయి వేసుకుని చేసిన ప్రచారం వృథా పోలేదు. అందరూ గుండె ఆపరేషన్ అనుకునే వచ్చారు. ఇప్పుడున్న పార్టీవాళ్లు వచ్చారు. వాళ్లు వచ్చారని తెలిసి, వదిలేసి వచ్చిన పార్టీవాళ్లూ వచ్చారు. సెలైన్ సీసా బాగా కనపడేట్టు మంచం పక్కన నిలబడి ఫోటోలు తీసుకున్నారు. మరుసటి రోజు పొద్దునకు ఊరి సెంటర్‌లో ఫ్లెక్సీ లేచిందని ఎవరో ఫోన్‌లో చూపించారు. గుండె శస్త్రచికిత్స విజయవంతం కావాలని కోరుకునే నాయకుల బొమ్మలు పెద్దవి. కోలుకోవలసిన మా మామ బొమ్మ మూలన తపాలా బిళ్లంత. దాన్ని చూసి ఆయన నొప్పి కూడా మరచిపోయాడు. "నా ఫోటో అంత చిన్నదా?" అన్నాడు.

లోపలికి తీసుకుపోయే ముందు నన్ను ఒక్కణ్నే ఉండమన్నాడు. నా మణికట్టు పట్టుకున్నాడు. చేయి కాలిపోతోంది. ఏదో రహస్యం చెబుతాడనుకున్నాను.

"ఇది గాక కోతకే పోతే, లేస్తానా అప్పా?"

నాకు ఆకుల గురించి తెలుసు, వేర్ల గురించి తెలుసు. "లేస్తావు మామా" అన్నాను. ఎట్లా తెలుసని ఆయన అడగలేదు. మొట్టమొదటిసారి నా వైద్యాన్ని నేనూ కాదనలేదు.

బయట బెంచీ మీద కూర్చున్నాం. నా భార్య నా చేయి వదల్లేదు. అత్త కొంగు అంచును వేళ్లతో మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. పార్టీలవాళ్లు ఆమెను ఓదార్చడానికి వచ్చి, ఒకళ్ల వెనక ఒకళ్లు కాఫీకి దిగిపోయారు. తలుపు తెరుచుకుని డాక్టరు బయటికి వచ్చినప్పుడు మొదట లేచింది అత్తే. ఆయన మాస్కు కిందికి లాగి నవ్వాడు. చేతిలో చిన్న డబ్బా.

"వచ్చేసింది. కోయనక్కర్లేకపోయింది."

డబ్బాలో వేలెడంత పొడవు గొట్టం. చీపురుపుల్లకన్నా కొంచెం లావు. ఒకప్పుడు ఏ రంగో తెలియదు, ఇప్పుడు మురికి నలుపు. రెండు కొసల దగ్గర జారకుండా ఉండేందుకు చిన్న చిన్న రెక్కలున్నాయి. ఆ కొసల్లో ఒకటే పేగులో గుచ్చుకుందట. అత్త డబ్బాను వెలుగులో పెట్టి చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఇంతదానికా" అంది. అని కూర్చుండిపోయి భోరుమని ఏడ్చింది.

కొన్నాళ్లు నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైన్ల మీద ఉంచారు. జ్వరం దిగింది. నాళంలో మళ్లీ రాయి ఉందేమోనని చూశారు. లేదు, కొత్త స్టెంటు అవసరం లేదన్నారు. పూర్తిగా తెలివి వచ్చాక మామ నన్ను దగ్గరికి పిలిచి మొదట అన్న మాట: "యాడ నుంచి తీసినారో ఎవరికీ చెప్పాకు." చెప్పనని మాటిచ్చాను. ఇక్కడ ఎవరి పేరూ రాయలేదు గనక మాట తప్పినట్టు కాదనే అనుకుంటున్నాను.

ఊరికి పోయాక మనిషి మారాడు. మరీ ఎక్కువ మారాడు. ఇప్పుడు స్టెంట్లకు బద్ధశత్రువు. ఊళ్లో రిటైరైన బడి అయ్యవారొకాయన గుండెకు స్టెంటు వేయించుకుని హాయిగా పొద్దున పూట నడుస్తుండేవాడు. మామ ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, "తీయించుకున్నావా? తీయించుకోకుంటే జారుతాది. యాడికి పోతాదో, యాడ గుచ్చుకుంటాదో, నేను చెప్పకూడదు" అన్నాడట. అయ్యవారు నడక మానేశాడు. కుదిపితే జారుతుందేమోనని మంచం దిగడం కూడా తగ్గించాడు. ఆయన కొడుకు నాకు ఫోన్ చేశాడు. గుండెకు వేసింది లోహపు వల లాంటిదని, రక్తనాళం గోడకు అతుక్కుని ఉంటుందని, తీయరని, జారదని అర్థమయ్యేట్టు చెప్పాను. వెంటనే మామకూ ఫోన్ చేసి అదే చెప్పాను.

"ఒకటేమో తీయాల, ఇంకొకటేమో తీయగూడదు. రెండిటికీ ఒకటే పేరేమిటికి పెట్టినారు?" అన్నాడు మామ. ఆయన అన్నవాటిలో నేను ఒప్పుకున్న మాట అదొక్కటే.

నెలకు పరీక్షకు రమ్మన్నారు. నేను ఫోన్ చేయకముందే, పొద్దున బస్సుకు అత్తతో కలిసి దిగాడు. హాల్లో ఫ్యాను కింద అందరితో పాటు కూర్చున్నాడు. ఎవరైనా ముందుకు తోసుకుని వస్తే, "వరస ఉండాది, వెనకాలకు పోప్పా" అని పంచాయితీ చెబుతున్నాడు. డాక్టరు పొట్ట నొక్కి చూశాడు, రక్తపరీక్ష చూశాడు, అంతా బాగుంది, ఇక రావక్కర్లేదన్నాడు.

మామ ముఖం చిన్నబోయింది. "అదేంది? ఏదన్నా ఒక తారీకు చెప్పు సారూ, వస్తాం."

"అవసరం లేదు పెద్దాయనా. బాధ ఉంటేనే రండి."

బయటికి వచ్చాక కూడా గొణుగుతూనే ఉన్నాడు. బస్టాండు దగ్గర హోటల్లో ముగ్గురం బొరుగుల ఉగ్గాని తిందామని కూర్చున్నాం. అత్త ఆయనకు ఉగ్గాని ఒక్కటే చెప్పి, తనకూ నాకూ మిరపకాయ బజ్జీలు కూడా చెప్పింది. ఆమె నీళ్ల గ్లాసు కోసం అటు తిరగ్గానే ఆమె పళ్లెంలోంచి ఒక బజ్జీ తీసుకుని సగం కొరికాడు. ఆమె ఇటు తిరిగి చూసి, మిగతా సగం ఆయన చేతిలోంచి లాక్కుని తినేసింది.